నెంజు వలి, ఎదె నోవు, గ్యాస్

పోయిన నెల ఊరికి పోయినప్పుడు రచ్చబండ కాడ ఒక పెద్దాయన పట్టుకున్నాడు. "ఏమబ్బోడా, నాలుగేండ్లు చదివి ఆఖరికి యాంబులెన్సు తోలేదానికి పోతావంట గదా" అన్నాడు. తోలేది పైలట్ తాతా, నేను వెనకాల పేషెంటు పక్కన కూర్చుంటా అన్నాను. "వెనకాల కూర్చునేదానికి నాలుగేండ్లా?" అనేసి బీడీ ముట్టించుకున్నాడు. ఎగతాళికి కాదు, నిజంగా అర్థం కాకనే అడిగినాడు. మా నాయనకే ఇంకా సరిగ్గా తెలీదు, ఎవరైనా అడిగితే "మావోడు డాక్టర్ లైన్లోనే ఉండాడు" అంటాడు, ఇంకో ప్రశ్న పడేలోపల మామిడికాయల రేటు ఎత్తుకుంటాడు.

అందుకని ఒకసారి రాసేద్దామని కూర్చున్నా. ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా, నైట్ డ్యూటీ చేసి తిరుపతిలో బైరాగిపట్టెడ రూముకొచ్చి నిద్ర పట్టక రాస్తున్నా, యాడన్నా ఒక చోట మొదలుపెట్టి ఇంకో చోట తేలితే సర్దుకోండి.

ముందు పేరు సంగతి. మన పక్క పారామెడికల్ అంటే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే, డయాలిసిస్, ఆపరేషన్ థియేటర్, అన్నీ ఒకే గంపలో వేస్తారు. పారామెడిక్ అంటే వేరే. నేను చదివింది బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ, మూడేండ్లు క్లాసులు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మనిషి పడిపోయిన చోటు నుంచి ఆసుపత్రి మంచం దాకా ఉండే టైము ఉంటుందే, ఆ టైము మాది. 108లో ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ అంటారు చూడండి, ఆ లైను. 108 మన రాష్ట్రంలో మొదలైంది 2005 ఆగస్టు 15న, అప్పటికి నాకు రెండేండ్లు. అంతకుముందు మా ఊర్లో కాన్పు నొప్పులొస్తే ట్రాక్టరే దిక్కంట, అమ్మ చెప్తుంది. 2021లో పార్లమెంటు మా లాంటి కోర్సులన్నిటికీ కలిపి ఒక చట్టం చేసింది, దాని షెడ్యూల్లో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ అని మా పేరు కూడా ఉంది. ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకున్నా, పెళ్ళిళ్ళలో పనికొస్తుంది.

నేను చేరింది కూడా 2021లోనే. నీట్ రాసినా, మార్కులు మాత్రం ఇక్కడ చెప్పను. లాంగ్ టర్మ్ పోతానంటే నాయన ఏమీ అనలేదు గానీ ఆ ఏడు మా తోతాపురి మామిడికి పల్ప్ ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చిన రేటు నాకు తెలుసు కాబట్టి నేనే అడగలేదు. ఇంటర్ బైపీసీ మార్కులతో ఈ సీటొచ్చింది. చేరిన తర్వాత సంవత్సరం మా హెల్త్ యూనివర్సిటీ పేరు ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కి మారింది, 2024లో మళ్ళీ ఎన్టీఆర్‌కి వచ్చింది, మేము మాత్రం అదే రూములో అదే ఎముకలు పట్టుకుని కూర్చున్నాం. కాలేజీ పేరు రాయను, ఎందుకంటే కింద కొంచెం తిడతా.

ఆరు నుంచి పది దాకా నాది జిల్లా పరిషత్ స్కూలు, తెలుగు మీడియం. ఇంటర్లో ఇంగ్లీషుతో ఎట్లనో నెట్టుకొచ్చినా, ఇక్కడ ఫస్టియర్లో అనాటమీ పుస్తకం తెరిస్తే కళ్ళు బైర్లు కమ్మినాయి. కానీ విచిత్రం ఏందంటే ఆ ఇంగ్లీషు ఆరు నెలల్లో అలవాటైపోయింది, అందరికీ అవుతుంది, ఎవరూ భయపడొద్దు. నన్ను నిజంగా దెబ్బ తీసింది తెలుగు. అది చెప్పేదానికే ఇదంతా రాస్తున్నా.

ఎట్లాగంటే, స్కిల్ ల్యాబ్‌లో సీపీఆర్, అంటే గుండె ఆగినోళ్ళకి రొమ్ము నొక్కి ఊపిరిచ్చేది, నేర్పిస్తారు కదా. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేయి మడమ పెట్టి, మోచేతులు వంచకుండా, నడుం మీదనుంచి బరువు వేసి 5 నుంచి 6 సెంటీమీటర్లు నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 30 నొక్కి 2 శ్వాసలు. నొక్కేది ఎంత ముఖ్యమో వదిలేది అంత ముఖ్యం, రొమ్ము పూర్తిగా పైకి లేస్తేనే గుండెలోకి రక్తం తిరిగొస్తుంది. మా బ్యాచ్ మొత్తానికి ప్రాక్టీసు చేసే మనిషి బొమ్మలు రెండు, అందులో ఒకదానికి స్ప్రింగు పోయి నొక్కితే అట్లనే లోపలికి పోయి ఉండిపోయేది, రిపేరుకి పంపినామని మూడేండ్లూ చెప్పినారు. ఇదీ నేను తిడతానన్నది, అయిపోయింది. సరే, గట్టిగా లెక్కపెట్టండి అన్నారు మేడమ్. నేను ఒకటి, రెండు, మూడు అని ఎత్తుకున్నా. పది దాకా బాగానే ఉంది. పదకొండు, పన్నెండు, పదమూడు అనేసరికి చేయి నెమ్మదించింది, ఇరవై ఒకటి, ఇరవై రెండుకి వచ్చేసరికి ఎద్దులబండి నడకే. మాట పొడుగైతే చేయి కూడా మాట వెంబడే పోతుంది. మేడమ్ స్టాప్‌వాచ్ చూపించి, "బాబూ, నువ్వు లెక్క కరెక్టుగానే పెట్టినావు, పేషెంటు మాత్రం పోయినాడు" అన్నారు. అప్పట్నుంచీ మేము ఒకటి నుంచి పది, మళ్ళీ ఒకటి నుంచి పది, మళ్ళీ ఒకటి నుంచి పది, అట్లా మూడుసార్లు లెక్కపెడతాం. ఇది ఏ పుస్తకంలోనూ చూడలేదు నేను.

నిజం మనిషి మీద మొదటిసారి చేసింది సెకండియర్ పోస్టింగులో. బొమ్మకి పక్కటెముకలు విరగవు. మనిషికి విరుగుతాయి, చేతికి తెలుస్తుంది, పచ్చి కట్టె విరిచినట్టు. ఆపేయబోయినా. పక్కనున్న బ్రదర్, అంటే మగ నర్సు, నా చేతుల మీద చేయి వేసి "ఆపొద్దు, ఎముక అతుక్కుంటుంది" అన్నాడు. ఆ పేషెంటు బతకలేదు. ఆ రోజు హాస్టల్‌కి పోయి సంగటి ముద్ద ముందర పెట్టుకుని చాలాసేపు చేతులు చూసుకుంటా కూర్చున్నా. దీని గురించి ఇంతకంటే రాయను.

ఇప్పుడు గ్యాస్ కథ.

మన చిత్తూరు వైపు గ్యాస్ అనే మాట లేకపోతే సగం మంది ఆసుపత్రిలో నోరు తెరవలేరు. కడుపు ఉబ్బరం గ్యాస్, వీపు నొప్పి గ్యాస్, చెయ్యి లాగితే గ్యాస్, తల తిరిగితే గ్యాస్ తలకెక్కింది. పుస్తకంలో ఏముంటుంది, ఛాతీలో నొప్పి ఉందా అని అడగమని ఉంటుంది. నేనూ అట్లనే అడిగేవాడిని. ఛాతీ అనే మాట టీవీలో వార్తలు చదివేవాళ్ళు తప్ప మా పల్లెల్లో ఎవరు అంటారు? రొమ్ము అంటారు, ఎద అంటారు, గుండెకాయ అంటారు. ఇంకోటి, నొప్పి ఉందా అంటే చాలామంది లేదంటారు, అబద్ధం కాదు, వాళ్ళకి అది నొప్పి కాదు. బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు, పిండినట్టు, రాయి వేసినట్టు, ఎగపోసినట్టు. ఇవన్నీ గుండెపోటు మాటలే, ఒక్కదాంట్లో కూడా నొప్పి అనే మాట లేదు. అందుకని ఇప్పుడు నేను "ఎట్లుంది?" అని ఒక్క మాట అడిగి నోరు మూసుకుంటా. కొందరు మాట్లాడరు, పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో పెట్టుకుంటారు. దానికి లెవీన్ సైన్ అని పేరే ఉంది. ఆ పిడికిలి కనిపిస్తే నేను ఈసీజీ మిషన్ కోసం లేస్తా, మిగతా మాటలు వైర్లు పెడతా అడుగుతా.

ఒకాయన వచ్చినాడు, ఆటో డ్రైవరు, యాభై దాటుంటాయి. రాత్రి రెండప్పుడు తన ఆటో తానే తోలుకుంటా వచ్చినాడు. దారిలో గ్యాస్ పొడి ఒక ప్యాకెట్టు, తర్వాత సోడా. "ఏం లేదు సార్, గ్యాస్ పట్టింది, ఒక సూది వేస్తే పోతా, తెల్లారి రైలు బాడుగ ఉంది" అంటాడు. నొప్పి ఎక్కడ అంటే బొడ్డు పైన, కడుపులో చూపిస్తాడు. ఒకసారి వాంతి. చూస్తే గ్యాసే. కానీ చొక్కా తడిసిపోయింది, డిసెంబరు నెల అది, మంచు పడతా ఉంది. చెమట అబద్ధం చెప్పదని మా సీనియర్లు అంటారు. ఈసీజీలో ఒక్కో లీడ్ గుండెని ఒక్కో వైపు నుంచి చూస్తుంది, రెండు, మూడు, ఏవీఎఫ్ అనే లీడ్లలో గీత పైకి లేచి ఉంది. అంటే గుండె అడుగు భాగం గోడకి రక్తం ఆగింది, అది కడుపు పక్కనే ఉంటుంది కాబట్టి కడుపు నొప్పిగానే తెలుస్తుంది. డ్యూటీ డాక్టరు చూసి నన్నే అడిగినారు, "ఇప్పుడు ఏమియ్యకూడదు?" అని. ఏమియ్యాలి అని కాదు. నాకు గుర్తొచ్చింది, సార్బిట్రేట్, రక్తనాళాల్ని వదులు చేసే మాత్ర. ఊళ్ళల్లో గుండె అంటే చాలు నాలుక కింద సార్బిట్రేట్ పెట్టేస్తారు, మామూలుగా మంచిదే, కానీ ఈ రకం పోటులో గుండె కుడివైపు గది కూడా దెబ్బతిని ఉంటే ఆ మాత్రతో బీపీ ఒక్కసారిగా పాతాళానికి పోతుంది. అందుకని ముందు కుడివైపు కూడా లీడ్ పెట్టి చూడాలి. పెట్టినాం, అక్కడా లేచింది. సెలైన్ పెట్టి క్యాథ్ ల్యాబ్, అంటే గుండె రక్తనాళంలో అడ్డు తీసే గది, ఉన్నచోటికి పంపించినాం. పోతా పోతా స్ట్రెచర్ మీదనుంచి ఆటో తాళాలు నా చేతిలో పెట్టి, "లోపల ముందర పక్క సీటు కింద కలెక్షన్ డబ్బులుండాయి, మా బామ్మర్ది వస్తే ఇయ్యి" అన్నాడు. ఎంతుందో కూడా చెప్పలేదు. నేను లెక్కపెట్టలేదు.

ఆ రాత్రి తర్వాతనే నోటుబుక్కు మొదలుపెట్టినా. రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు, నిలువుగా గీతలు కొట్టి, ఒక గడిలో పుస్తకం మాట, పక్కన మా చిత్తూరు మాట, తర్వాత తమిళం, కన్నడం, హిందీ. తిరుపతిలో పనిచేసేవాళ్ళకి ఇది ఎందుకో చెప్పాల్సిన పని లేదు, బస్టాండులో ఐదు నిమిషాలు నిలబడితే చాలు. కొండకొచ్చేవాళ్ళు యాడ్నుంచి రారు? వేలూరోళ్ళు, కోలారోళ్ళు, షోలాపూర్ వాళ్ళు, గుండు కొట్టించుకున్నాక అందరూ ఒకేలా ఉంటారు, నోరు తెరిస్తే తెలుస్తుంది. నెంజు వలి అంటే తమిళంలో గుండె నొప్పి. ఎదె నోవు అంటే కన్నడంలో. సీనే మే దర్ద్ అందరికీ తెలుసు గానీ హిందీవాళ్ళు ఎక్కువగా అనేది ఘబ్రాహట్, దానికి మన దగ్గర సరైన మాట లేదు, దడ, కంగారు, ఊపిరాడకపోవడం మూడూ కలిపితే అది. ఆయాసానికి మనకే ఎన్ని మాటలో చూడండి, దమ్ము, ఎగపోత, ఉబ్బసం, రొప్పు, ఊపిరి తిరగడంలేదు. ఇందులో ఉబ్బసం అన్నవాళ్ళకి పాత జబ్బు ఉంటుంది, ఊపిరి తిరగడంలేదు అన్నవాళ్ళకి ఇప్పుడే ఏదో జరిగింది. ఇది నా లెక్క, పరీక్షలో రాస్తే మార్కులు రావు.

నోటుబుక్కు ఉన్నా కూడా నేను తప్పు చేసినా, అది కూడా రాయాలి.

థర్డియర్ చివర్లో, పోయినేడు ఎండాకాలం. మధ్యాహ్నం ఒకాయన్ని బస్టాండు పక్కనుంచి ఎవరో ఆటోలో వేసుకొచ్చినారు, యాభై ఐదు, అరవై మధ్య, గుండు, నుదుట నామం చెరిగిపోయి ఉంది. ఒళ్ళంతా చెమట, మాట ముద్దముద్దగా వస్తుంది, చేయి పట్టుకుంటే విదిలించి కొడతాడు. వెంట భార్య, తమిళామె. ఏమైందమ్మా అంటే "మయక్కం, మయక్కం" అంటా ఏడుస్తుంది. నేను మైకం అని విన్నా. తాగినాడా అని చేత్తో సైగ చేసినా, ఆమె తల అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో కూడా సరిగ్గా చూడలేదు. ఆ రోజు పొద్దున్నుంచీ అప్పటికే ఇద్దరు తాగి పడిపోయినోళ్ళు వచ్చిపోయినారు, బుర్రలో అదే ఉంది. ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రియాజ్ కాగితం మీద ఆల్కహాల్ అని రాసి పక్కన క్వశ్చన్ మార్కు పెట్టి, కొంచెంసేపు ఆగగలిగినోళ్ళు కూర్చునే పసుపు బెంచీ వైపు తోసేసినా. ఆ క్వశ్చన్ మార్కు పెట్టినందుకు ఇప్పటికీ కొంచెం సంతోషం, అంతే.

పది నిమిషాలకి సిస్టర్ అక్క వచ్చి, "జీఆర్‌బీఎస్ చూసినావా?" అంది. చూళ్ళేదు. స్పృహ తేడాగా ఉన్న ప్రతి మనిషికీ ముందు వేలు గుచ్చి షుగర్ చూడాలి, ఇది మాకు ఫస్టియర్లోనే నూరిపోస్తారు, నిద్రలో లేపి అడిగినా చెప్తా. చూళ్ళేదు. అక్క గుచ్చింది. 34. డెబ్బై కంటే తగ్గితేనే తక్కువ, ఇది 34. పరిగెత్తినాం. 25 శాతం డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజు, నూరు ఎంఎల్ ఎక్కిస్తా ఉండగానే, సగం బాటిల్ కూడా కాలేదు, ఆయన కళ్ళు తెరిచి చుట్టూ చూసి, పంచె సర్దుకుని, భార్యని "చెప్పులు ఎక్కడ?" అన్నట్టు ఏదో అడిగినాడు. షుగర్ పడిపోయినోళ్ళు లేచేది చూస్తే తమాషాగా ఉంటుంది, చచ్చినోడు లేచి కాఫీ అడిగినట్టు. నాకు మాత్రం కాళ్ళు వణికినాయి.

తర్వాత తెలిసింది. దర్శనం అయ్యేదాకా ఏమీ తిననని మొక్కు. లైన్లో రాత్రంతా. షుగర్ మాత్ర మాత్రం పొద్దున టైముకి వేసుకున్నాడు, డాక్టరు తప్పకుండా వేసుకోమన్నాడు కదా అని. లడ్డూలు సంచిలో ఉన్నాయి, ఇంటికి పోయి దేవుడి ముందర పెట్టి తినాలని ఒక్కటి కూడా విప్పలేదు. సంచి నిండా చక్కెర మోసుకుంటా షుగర్ తక్కువై పడిపోయినాడు. లేచినాడు గదా పంపించేద్దామా అంటే డాక్టరు ఒప్పుకోలేదు, ఆ గ్లిమెపిరైడ్ రకం మాత్రలు ఒంట్లో చాలాసేపు ఉంటాయి, మళ్ళీ పడిపోతుంది, ఒక రోజన్నా కనిపెట్టుకోవాలి. నిజంగానే సాయంత్రం ఇంకోసారి పడింది.

నోటుబుక్కులో మయక్కం అంతకుముందే రాసుకున్నా నేను. తల తిరగడం, స్పృహ తప్పడం అని చక్కగా ఎర్ర ఇంకుతో. గడిలో ఉంది, చెవిలో లేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అక్క మాత్రం టీ తాగేటప్పుడు, "నువ్వు తమిళం తప్పు వినినందుకు కాదురా, వేలు గుచ్చనందుకు" అంది. అంతే అంది.

ఆ అక్క గురించి ఇంకోటి చెప్పి తీరాలి. పేరు రాయను, రాస్తే తిడుతుంది. ఇరవై ఏండ్ల సర్వీసు. ఒక తెల్లవారుజాము, ఐదు కాలేదు ఇంకా, ఒక పిల్లోడిని తెచ్చినారు, పద్నాలుగేండ్లుంటాయి. కడుపు నొప్పి, రెండు వాంతులు. వాళ్ళ నాయన చెప్పినాడు, రాత్రి పచ్చి శనక్కాయలు ఎక్కువ తిన్నాడు, గ్యాస్ పట్టింది అని. మళ్ళీ గ్యాస్. నేను కడుపు నొక్కి చూస్తున్నా, మెత్తగా ఉంది, ఏమీ లేదు. అక్క దూరంనుంచి పిల్లోడి మొహం చూసింది. దగ్గరికొచ్చి ఒకే ప్రశ్న అడిగింది.

"రాత్రి యాడ పడుకున్నావు నాయనా?"

కళ్ళం కాడ. శనక్కాయల కుప్పకి కాపలా. మంచం లేదు, గోతాం పరుచుకుని కిందనే.

నాకు అప్పటికీ వెలగలేదు. "కండ్లు పెద్దగా తెరువు" అంది అక్క. తెరవలేకపోతున్నాడు, రెప్పలు సగంలో ఆగిపోతున్నాయి, నిద్ర మత్తు అనుకున్నాం అందరం. కట్లపాము. అది రాత్రిపూట తిరుగుతుంది, కింద పడుకున్నోళ్ళ పక్కలోకి వచ్చి కరుస్తుంది, కాటు దోమ కుట్టినట్టు కూడా ఉండదు, వాపు రాదు, గాటు కనపడదు. తెల్లారేసరికి కడుపు నొప్పి, తర్వాత రెప్పలు వాలిపోవడం, తర్వాత మింగలేకపోవడం, తర్వాత ఊపిరి. వాళ్ళ నాయన నమ్మలేదు, పాము కరిస్తే తెలీదా అంటాడు. గాజు ట్యూబులో రెండు ఎంఎల్ రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టి వంచి చూసే పరీక్ష చేసినాం, రక్తం గడ్డ కట్టింది. చూసినారా ఏమీ లేదు అన్నాడాయన. కానీ రక్తం గడ్డ కట్టకుండా చేసేది పింజర్లు, రక్తపింజరి, చిన్నపింజరి. కట్లపాము, నాగుపాము నరాల మీద పనిచేస్తాయి, వాటికి ఆ ట్యూబు ఏమీ చెప్పదు. విరుగుడు మందు మన దేశంలో ఈ నాలుగు పాములకీ కలిపి ఒకటే, పది వయల్స్ ఎక్కించడం మొదలుపెట్టినారు. అయినా గంటలోపల మెడ నిలబెట్టలేకపోయినాడు. గొంతులోకి ఊపిరి ట్యూబు వేసినారు. వెంటిలేటర్ ఖాళీ అయ్యేదాకా అంబు బ్యాగు, చేత్తో పిండి ఊపిరి ఇచ్చే సంచి, నా చేతిలో పెట్టినారు. ఐదారు సెకండ్లకి ఒకసారి పిండాలి, తొందరపడి ఎక్కువ పిండకూడదు, నిద్రపోకూడదు. రెండు గంటలు పైనే పిండినా. ఆ పిల్లోడికి స్పృహ ఉంటుందని మాకు చెప్పినారు, కదలలేడు, కళ్ళు తెరవలేడు, కానీ అన్నీ వింటుంటాడు. అందుకని నేను పిండుకుంటా వాడితో మాట్లాడినా, ఏం మాట్లాడాలో తెలీక మా ఊర్లో జల్లికట్టు గురించి, ఏ ఎద్దు కొమ్ములకి ఎంత పలక కట్టినారో, ఎవరు కిందపడినారో. వారం పైన పట్టింది, నడిచి ఇంటికి పోయినాడు. పోయేముందర నన్ను అడిగినాడు, "ఆ ఎద్దు ఆఖరికి దొరికిందా అన్నా?" అని.

ఇప్పుడు ఎవరు తెల్లవారుజామున కడుపు నొప్పి అని వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న అదే. రాత్రి యాడ పడుకున్నావు. జనం ఒక మాదిరిగా చూస్తారు, వీడికెందుకు అని. చూడనీ. పాము కాటు అని తెలిసి వచ్చేవాళ్ళతో ఇంకో బాధ, కాలికి కొబ్బరితాడు వేసి కాలు నల్లబడేదాకా బిగించి తెస్తారు, బ్లేడుతో కోస్తారు, ముందు మంత్రం, తర్వాత మేము. ఆ కట్టు ఒక్కసారిగా విప్పినా ప్రమాదమే. విరిగిన ఎముకలకి వేసే నాటు కట్టు, మా పుత్తూరు కట్టు మీద జనానికి ఉన్నంత నమ్మకం యాంబులెన్సు మీద వచ్చేదానికి ఇంకో ఇరవై ఏండ్లు పడుతుందేమో. పుత్తూరు కట్టుని తక్కువ చేసి అనడంలేదు, మా అవ్వ చెయ్యి అక్కడే అతికింది, కానీ ఎముక విరిగిందా, లోపల నరం తెగిందా, చేతివేళ్ళకి రక్తం పోతుందా అని ఒకసారి గోరు నొక్కి చూసి పోండయ్యా అంటాను. నొక్కి వదిలితే రెండు సెకండ్లలో ఎరుపు రావాలి.

ఇంకా ఉద్యోగం సంగతి, జీతం సంగతి అడుగుతారు. ప్రైవేటులో మొదలు ఇచ్చే జీతం ఇక్కడ రాస్తే మా నాయన చూస్తాడు. మా బ్యాచ్‌లో సగం మంది సౌదీలో పనికి లైసెన్సు కోసం రాసే ప్రోమెట్రిక్ పరీక్షకి చదువుతున్నారు, ఇద్దరు పెద్ద ఆసుపత్రుల ఎమర్జెన్సీలో చేరేదానికి మాట్లాడుకున్నారు, ఒకడు చదువే మానేసి వాళ్ళ మామ పల్ప్ ఫ్యాక్టరీకి పోయినాడు, వాడే ఇప్పుడు అందరికంటే బాగున్నాడు. నాకు ఇంకా తెలీదు. 108లో పోస్టులు పడితే రాస్తా. ఆడపిల్లలు మా క్లాసులో సగానికి పైనే, స్ట్రెచర్ ఎత్తలేరు అనే మాట మొదటి సంవత్సరం విన్నాం, నడుం వంచకుండా మోకాళ్ళు వంచి ఎత్తేది నేర్చుకున్నాక ఎవరూ అనలేదు. నాకే నడుం పట్టేసింది ఒకసారి, మగోడిననే పొగరుతో వంగి ఎత్తి.

పోయిన ఆదివారం మా చిన్నమ్మ కూతురికి మొక్కుంటే దానితో పాటు అలిపిరి నుంచి నడిచి ఎక్కినా. 3550 మెట్లు. అది ఫోన్లో వీడియోలు తీసుకుంటా గాలిగోపురం దాకా బాగానే వచ్చింది, తర్వాత "అన్నా, ఇంకెన్నుండాయి" మొదలుపెట్టింది. మోకాళ్ళ పర్వతం కాడ ఒక ముసలామె మెట్టు మీద కూలబడి ఉంది, పసుపు చీర, ఒక చేయి రొమ్ము మీద, ఇంకో చేత్తో కొంగు పట్టుకుని విసురుకుంటా ఉంది, మొహమంతా చెమట. వెంట ఎవరూ లేరు. నా కాళ్ళు ఆగిపోయినాయి. ఒక మెట్టు కింద మోకాలి మీద కూర్చున్నా, ఆమె కళ్ళకి ఎదురుగా ఉండేటట్టు, అట్లా కూర్చోవాలని నేర్పినారు. మణికట్టు పట్టుకుని నాడి చూసినా, వేగంగా ఉంది గానీ ఒకే తీరుగా కొట్టుకుంటుంది. పక్కన సంచి మీద తమిళ అక్షరాలున్నాయి. నోటుబుక్కు మొత్తం కళ్ళముందర తిరిగింది.

"పాట్టీ, నెంజు వలిక్కుదా?" అన్నాను, శ్రద్ధగా, ఒక్కో అక్షరం పలికి.

ఆమె నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"నాకు తెలుగొచ్చు నాయనా, మాది తిరుత్తణి" అంది. "నెంజు కాదు, మోకాళ్ళు. ఈ చెయ్యి తీసెయ్, జాకెట్లో డబ్బులుండాయి, పడిపోతాయని పట్టుకోనుండా."

మా చెల్లి అదంతా వీడియో తీసింది. ఇంట్లో గ్రూపులో పెట్టింది. మా నాయన దాని కింద బొటనవేలు గుర్తు ఒకటి పెట్టినాడు.